అద్దెకు అడిగిన ప్రొఫైల్

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తూ కొన్నేళ్లుగా పని ఇచ్చేవారినీ చేసేవారినీ కలిపే ఫ్రీలాన్సింగ్ వేదికల మీదే బతుకుతున్నాను. మొన్న వేసవిలో, అటువంటి ఒక వేదికలోని ఇన్‌బాక్సుకే ఒక క్లయింటు నుంచి సందేశం వచ్చింది. నా ఖాతాను అద్దెకిస్తే నేను ఏ పనీ చేయనక్కరలేదనీ, నా ల్యాప్‌టాప్‌లో ఎనీడెస్క్ (దూరం నుంచి కంప్యూటరును నడిపించే సాఫ్ట్‌వేర్) వేసి రాత్రింబగళ్లు ఆన్‌లో ఉంచితే చాలనీ, వచ్చే సొమ్ములో ఐదో వంతు నాకు వదిలేస్తామనీ అందులో ఉంది.

ఖాళీగా ఉన్న వాటాకు టులెట్ బోర్డు పెట్టినంత సులువుగా కనిపించే ఈ బేరంలో పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, ముఖం నావి. పని చేసేది మాత్రం ఎవరో నాకు తెలియదు. ఉత్తర కొరియా ఐటీ పనివారు ఇతరుల పేర్లతో ఫ్రీలాన్సింగ్ సైట్లలో పని సంపాదిస్తున్నారని, ఆ డబ్బు ఆయుధాల కార్యక్రమాలకు చేరుతోందని అమెరికా విదేశాంగ, ఆర్థిక శాఖలు, ఎఫ్‌బీఐ 2022 మే నెలలోనే హెచ్చరించాయి. రెండేళ్ల తరువాత, ఇలాంటి ఖాతాలు సమకూర్చాడన్న అభియోగంతో ఒక ఉక్రెయిన్ పౌరుణ్ని పోలాండ్‌లో అరెస్టు చేశారు; అతని చేతిలో సుమారు 871 మారు గుర్తింపులు ఉండేవని అమెరికా న్యాయశాఖ ప్రకటించింది. మన దగ్గర కూడా, కంప్యూటరు ద్వారా మరొకరిలా నటించి మోసం చేస్తే సమాచార సాంకేతిక చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. రేపు పోలీసులు వస్తే వచ్చేది ప్రొఫైల్ ఎవరి పేరున ఉందో వారి ఇంటికే.

మరి ప్రతి లావాదేవీలోనూ తన వాటా కోసుకునే వేదిక సంగతేమిటి? 2015 అక్టోబరులో అమెజాన్, ఫైవర్ అనే ఫ్రీలాన్సింగ్ వేదికలో అయిదు డాలర్లకే దొంగ రివ్యూలు అమ్ముతున్నారంటూ 1,114 మంది మీద దావా వేసింది. ఆ అయిదు డాలర్లలో ఒక డాలరు ఫైవర్‌కు చేరేది, అయినా ప్రతివాదుల జాబితాలో ఫైవర్ లేదు. మన సమాచార సాంకేతిక చట్టంలోని 79వ సెక్షన్ కూడా మధ్యవర్తులకు, అంటే ఇతరులు పెట్టినదాన్ని మోసే సైట్లకు, ఇలాంటి గొడుగే పడుతుంది. కోర్టు ఉత్తర్వో ప్రభుత్వ నోటీసో అందాక కూడా అందులో చెప్పినదాన్ని తొలగించకపోతేనే ఆ రక్షణ పోతుందని సుప్రీంకోర్టు 2015లో శ్రేయా సింఘాల్ కేసులో వివరించింది. మాట్లాడే స్వేచ్ఛను కాపాడిన ఆ తీర్పు నాకు గౌరవనీయమే. అయితే ఎవరో రాసిన వ్యాఖ్యను మోసే సైటునూ, కూలి బేరం కుదిర్చి కమిషన్ పుచ్చుకునే సైటునూ ఒకే గాటన కట్టడం నాకు మింగుడుపడదు. మా ఊరి మిర్చి యార్డులో దళారీ సరుకు మంచిచెడ్డలకు కొంతైనా పూచీపడతాడు, లేకపోతే మరుసటి ఏడు అతని గడప తొక్కేవారుండరు.

నాకు ఆ సందేశం వచ్చిన వేదికకు నేను స్క్రీన్‌షాట్లతో సహా ఫిర్యాదు చేశాను. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో తెలపాలని, 15 రోజుల్లో పరిష్కరించాలని 2021 నాటి ఐటీ నియమాలు అప్పట్లో చెప్పేవి. మొదటి జవాబు నిమిషంలోనే వచ్చింది, యంత్రం పంపినది. రెండోది పన్నెండో రోజున వచ్చింది: పరిశీలించామని, మా విధానాలకు విరుద్ధమైనదేదీ కనబడలేదని. గడువు దాటలేదు కాబట్టి నియమాన్ని పాటించినట్టే లెక్క.

నేను ఫిర్యాదు చేసిన రోజున ఆ క్లయింటు ప్రొఫైల్‌లో అప్పటిదాకా పనికి తీసుకున్నవారి సంఖ్య 14 అని ఉంది. ఈ ఉదయం చూస్తే 19.