మందేసుకుంటున్నవా?

సాగర్ రోడ్డు పొడుగునా సీతాఫలాల గంపలు దిగిన వారం అది. నా ఫ్రెండ్ ఒకడు హైదరాబాద్‌లో వైద్య మానవశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. గుంటూరువాడు. ఊళ్లు తిరగడానికి బండీ భాషా రెండూ కావాలన్నాడు. బండి నాది, భాష మా నల్లగొండది. వాడు "ఆసుపత్రికి ఎందుకు వెళ్లలేదండీ?" అని అడిగితే జనం చొక్కా సర్దుకుని జవాబు వెతుక్కునేవాళ్లు. నేను "దవాఖానకు పోలేదా?" అంటే మాట కదిలేది. మూడు రోజుల్లో నేను చేసిన పని దాదాపు అంతే.

వాడిని తొలుస్తున్న ప్రశ్న ఒకటే. 108 బండి 2005 నుంచి తిరుగుతోంది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో పాలమూరు ఒకటి. సర్కారు దవాఖానలో గోలీలకు పైసా తీసుకోరు. మరి మనిషి గేటు దాకా వచ్చి ఎందుకు వెనక్కి తిరుగుతాడు? దూరం, డబ్బు గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారట. వాడికి కావలసింది సిగ్గు.

మాల్ అనే ఊరి దగ్గర సాగర్ రోడ్డు వదిలి మర్రిగూడ వైపు తిరిగాం. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే పళ్లు గారపడతాయి, ఎముకలు వంగుతాయి. ఇక్కడి బోర్లు ఏళ్ల తరబడి అంతకు చాలా ఎక్కువ ఇచ్చాయి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తేర్చే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు. 1970లలో నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ చేసింది. మా జిల్లా పేరు పుస్తకాలకెక్కిన తీరు అది! ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి గానీ వంగిన ఎముక తిరిగి నిలబడదు.

మావాడు ఫోన్ పైకెత్తగానే అరుగు మీది పెద్దమ్మ చీర కాళ్ల మీదికి లాక్కుంది. "మా కాళ్లు దేశమంతా జూసింది బిడ్డా, ఇంకేం తీస్తరు?" అంది. ఫోన్ జేబులోకి పోయింది. ఆమె మనవరాలు డిగ్రీ చదువుతోంది. నవ్వొచ్చినప్పుడల్లా చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంటోంది. కొంతకాలంగా మోకాళ్లు నొస్తున్నాయట, ఎక్కడా చూపించుకోలేదట. "సంబంధాలోళ్లు ముందు ఏ ఊరని అడుగుతరన్నా. తర్వాత నవ్వమంటరు. ఇగ ఎముకల డాక్టరు కాడ కనబడ్డనంటె అయిపాయె" అంది. ఈ ఫ్లోరైడ్ జబ్బు అంటుకునేది కాదు, పుట్టబోయే పిల్లలకు వారసత్వంగా వచ్చేదీ కాదు. ఆ సంగతి నాకంటే ఆమెకే బాగా తెలుసు. తెలియాల్సింది సంబంధాలోళ్లకు.

ఆ రాత్రి దేవరకొండ లాడ్జిలో దోమలతో గడిచింది. చెప్పుకోవడానికేమీ లేదు.

మర్నాడు డిండి మీదుగా అచ్చంపేట అవతల ఒక తండాకు వెళ్లాం. అక్కడి ఆశ అక్కకు, అంటే ఊరి ఆరోగ్య కార్యకర్తకు, ముందే ఫోన్ చేశాం. ఆమె మమ్మల్ని వాకిట్లోంచి కాకుండా ఇంటి వెనక నుంచి తీసుకుపోయింది. "ఫలానా ఇంటికి పోతున్ననని తెలిస్తె రోగం పేరు వాళ్లే పెట్టుకుంటరు సార్" అంది.

నలభై ఏళ్ల మనిషి మంచం మీద కూర్చుని ఉన్నాడు. పాలమూరు మనుషులు ఎప్పటినుంచో పోతున్నట్టే అతనూ గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బొంబాయి పోయాడు. స్లాబు పని. దగ్గుతో తిరిగొచ్చాడు. ఆశ అక్క తెమడ పరీక్ష చేయిస్తే టీబీ అని తేలింది. ఆర్నెల్ల మందు. రెండు నెలలు వాడి ఆపేశాడు.

ఎందుకు ఆపావన్నా అంటే, మొదట మూత్రం ఎర్రగా వస్తోందని, రక్తం పోతోందని భయపడ్డానన్నాడు. ఆ గోలీల్లో రిఫాంపిసిన్ అనేది ఉంటుంది, దానితో మూత్రం నారింజ రంగులో వస్తుంది, ఏమీ కాదు. ఆ ఒక్క ముక్క అతనికి ఎవరూ చెప్పలేదు. కానీ అసలు కారణం అది కాదు. చాలాసేపు గడిచాక, భార్య చాయ్ పెట్టడానికి లేచాక చెప్పాడు.

"దవాఖానల నర్సమ్మ అడిగింది, మందేసుకుంటున్నవా అని. గోలీల ముచ్చటనుకున్న. రోజూ యేసుకుంటున్ననమ్మా, ఒక్కనాడు గూడ తప్పలేదన్న. లైన్ల ఉన్నోళ్లంత నవ్విండ్రు."

మాకూ నవ్వొచ్చింది. అతను నవ్వకపోవడం చూసి ఆపుకున్నాం.

"తర్వాత సమజైంది. తాగుబోతుకు సర్కారు మందు దండుగ అన్నది. అబద్ధమైతె కాదు సారు. స్లాబు పని చేసినోడు పొద్దుగూకినంక ఇంత తాగకుంటె పండలేడు. కని అందరి ముందల అనొద్దు గద?"

ఆ రోజు గోలీల కవరు తెచ్చుకున్నాడు గానీ తర్వాతి నెల పోలేదు.

తిరిగి వస్తూ ఆశ అక్క నర్సమ్మ పక్షమే మాట్లాడింది. ఈ మందుల మీద సారా తాగితే లివర్ పాడవుతుంది కాబట్టి అడగక తప్పదు, ఒక్క నర్సు ఎంతమందిని చూస్తుంది, మందు మానేసినవాడి లెక్క తన మీదే పడుతుంది అంటూ. అవన్నీ నిజమే. నాకు మాత్రం అడగడానికీ తీర్పు చెప్పడానికీ మధ్య ఒక తలుపు ఉండాలనిపించింది, నిజంగానే చెక్క తలుపు. అక్కడ లైను నిలబడేది నర్సమ్మ బల్లకు ఆనుకునేనట.

ఇంకో మాట కూడా చెప్పిందామె. టీబీ వాళ్లకు తిండి కోసం ఎకౌంట్లో నెలకు వెయ్యి పడతాయి. అతని ఎకౌంటుకు ఇచ్చింది కొడుకు నంబరు. ఇంట్లో ఎవరికీ తెలియకూడదని భార్య గోలీలు బియ్యం డబ్బాలో దాచి బీపీవి అని చెబుతుంటే, మెసేజ్ నేరుగా హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఫోన్‌కే పోయిందట.

మావాడు ఇదంతా కళ్లు మెరుస్తుండగా రాసుకున్నాడు. నాకు కొంచెం కోపమొచ్చింది. రాత్రి అచ్చంపేటలో చెరో బీరు తాగుతూ ఆ మాటే అన్నాను. ఏమీ అనలేదు వాడు.

మూడో రోజు తిరుగు దారిలో కంకర మీద బండి జారింది. వాడికేం కాలేదు, నా మోకాలు చెక్కుకుపోయింది. రోడ్డు మీద కనబడిన పీహెచ్‌సీకి పోయాం. బయట బెంచీల మీద ఇరవై మంది దాకా ఉన్నారు. నా జీన్సు, కళ్లద్దాలు చూసి నర్సు లేచి వచ్చింది. "సార్, మీరు లోపలికి రండి" అంది. ఒక ముసలాయన కాళ్లు పక్కకు జరిపి నాకు దారిచ్చాడు. నేను కుంటుకుంటూ లోపలికి పోయాను. తలుపు వేశారు.

కట్టు కట్టి టీటీ సూది వేస్తూ, "డ్రింక్స్ ఏమైనా తీసుకుంటారా సార్?" అని మెల్లగా అడిగింది.

"అబ్బే, అలవాటు లేదు మేడం" అన్నాను.

మావాడు నా వైపు చూసి నోట్‌బుక్ తీశాడు.