సోమశిల లాంచీలో మధ్యాహ్న భోజనం

సోమశిల నుంచి శ్రీశైలానికి లాంచీలో వెళ్లొచ్చినవాళ్లు నల్లమల కొండల గురించీ, మలుపు మలుపుకీ రంగు మారే కృష్ణ గురించీ చెప్తారు. అందం విషయంలో వాళ్లు చెప్పేదంతా నిజమే. కానీ నేను రాయాలనుకున్నది ఆ లాంచీ కింది అంతస్తులో నలుగురు కూర్చునే ఒక భోజనం బల్ల గురించి. అక్కడ మా అమ్మ వినాల్సి వచ్చిన మాటలు నాకు ఇప్పటికీ మింగుడు పడడం లేదు.

మహబూబ్‌నగర్ నుంచి కొల్లాపూర్ దాకా బస్సులో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. కొల్లాపూర్‌లో దిగి సోమశిలకు ఆటో అడిగితే మాత్రం ఒళ్లు మండింది. "కార్తీకమాసం కదా, ఈ నెలంతా ఇదే రేటు" అన్నాడు ఆటో అతను. లాంచీ టికెట్లు ఇద్దరికీ కలిపి నాలుగు వేలు. లోపల ఇరవై రూపాయల నీళ్ల సీసా ముప్పై. భోజనం టికెట్లోనే కలిసి ఉంటుందన్నారు, అదొక్కటే కాస్త ఊరట.

అమ్మను తీసుకెళ్లింది ఊరికే కాదు. ఆమె పుట్టింది పాత సోమశిలలో. ఇప్పుడు మనం చూసే సోమశిల, శ్రీశైలం డ్యామ్ నీళ్లు తన్నుకొచ్చాక పైన గట్టు మీద కట్టుకున్నది. 1981లో ముంపు ఊళ్లను ఖాళీ చేయించేనాటికి అమ్మకు పదమూడేళ్లు. లలితా సోమేశ్వరుడి గుళ్లను రాయి రాయి విప్పి పైకి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. ఇళ్లకు ఆ భాగ్యం లేదు. దూలాలు, తలుపులు ఊడబెరుక్కుని బండ్లమీద వేసుకొచ్చిన సంగతి అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. డ్యామ్ నిండుమట్టం 885 అడుగులని మా ఇంట్లో చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు. వానాకాలంలో టీవీలో శ్రీశైలం నీటిమట్టం చెప్తుంటే అమ్మ చేతిలో పని ఆపేసి వింటుంది.

లాంచీ రేవు వదలగానే పై అంతస్తులో కమ్మీ పట్టుకుని నిలబడి వేలు చాపింది. "అగో, ఆడ మా వాకిలి. దాని ఎనక చింతచెట్టు. ఇగ ఈడికెల్లి ఏటికి తొవ్వ." నాకు నీళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. ఆమె మాత్రం ఏ ఇల్లు ఎవరిదో వరస తప్పకుండా చెప్పుకుంటూ పోయింది. ఇంకో గంటసేపు అలాగే ఉండనిచ్చేవాడినే, భోజనానికి దిగమని పిలుపు వచ్చింది.

బల్లల దగ్గర ఎవరెక్కడ కూర్చోవాలో లాంచీవాళ్లే చెప్పారు. మాకు ఎదురుగా హైదరాబాద్ నుంచి వచ్చిన దంపతులు. ఆయన పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారట, కూర్చోకముందే చెప్పారు. కిటికీ పక్క కుర్చీ మీద తన బ్యాగు పెట్టుకున్నారు. వడ్డించే కుర్రాడు అమ్మ కోసం ఆ బ్యాగు తీసి కింద పెట్టబోతే, "ఒరేయ్, ఎవర్నడిగి ముట్టుకున్నావ్?" అని అరిచారు. ఆ పిల్లాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. ముఖం చిన్నబుచ్చుకుని ప్లేట్లు తేవడానికి వెళ్లాడు.

అన్నం, పప్పు, వంకాయ కూర, సాంబారు, పెరుగు, అప్పడం. నదిమీద, అంతమందికి, ఆ ఇరుకు వంటగదిలోంచి వేడిగా వచ్చిన భోజనం. నాకు బాగానే అనిపించింది. ఆయనకు పప్పు నీళ్లు, వంకాయ ముదురు, అప్పడం మెత్తన. ప్రతి ముద్దకీ ఒక వంక. రెండుసార్లు కూర వెనక్కి పంపి, మూడోసారి వడ్డించుకుని సగం వదిలేశారు. పెళ్లిలో బంతిలో కూర్చుంటే పక్కవాళ్లు తింటుండగా వంటను తిట్టకూడదని మా దగ్గర చిన్నప్పుడే నేర్పుతారు. తినేవాడికి ముద్ద దిగదు, వండినవాడికి మనసు విరుగుతుంది. డబ్బిచ్చి టికెట్ కొన్నంత మాత్రాన ఈ మర్యాద మాఫీ అయిపోదు.

ఆవిడ తీరు ఇంకో రకం. ముందు మా ఇంటిపేరు అడిగారు. చెప్పాను. దానితో అంతుపట్టలేదేమో, "అంటే మీరేంట్లు?" అన్నారు. ముఖపరిచయం అయి పది నిమిషాలు కాలేదు, ఒకే బల్ల దగ్గర తింటూ కులం కూపీ! నేను నోరు తెరిచేలోపే అమ్మ, "పాలమూరోళ్లం అమ్మా" అని తలొంచుకుని తినసాగింది.

అమ్మ ఇంటినుంచి జొన్నరొట్టెలు, ఎల్లిగడ్డ కారం తెచ్చింది. పాత నూలుగుడ్డలో చుట్టిన రొట్టెలు. అంచులు పగిలి, పైన అద్దిన నువ్వులు అక్కడక్కడ కాలి ఉన్నాయి. మూట విప్పితే ఎదుటివాళ్లకు పెట్టకుండా తినడం ఆమెకు చేతకాదు. ఒక రొట్టె తుంచి కారం పెట్టి ఆవిడ ముందుకు జరిపింది. "కార్తీకమాసంలో ఎల్లిగడ్డ తింటారా? అదీ శ్రీశైలం పోతూ!" అని ఆవిడ తన ప్లేటు చటుక్కున వెనక్కి లాక్కున్నారు. ఎవరి నియమం వాళ్లది, వద్దంటే సరిపోయేది. అమ్మ ప్రేమగా చాపిన చెయ్యి అలా గాల్లో ఆగిపోయేలా చేయాల్సిన పనేముంది?

ఇంతలో ఆయన, "రోజూ చూసే నీళ్లే కదా మీకు, ఇంత ఖర్చుపెట్టి రావడమెందుకు?" అన్నారు. తన పుట్టిల్లు ఈ నీళ్ల కిందే ఉందని అమ్మ చెప్పింది. దానికి ఆయన అన్న మాట ఇది: "ఓ, ముంపువాళ్లా. అయితే నష్టపరిహారం బాగానే ముట్టి ఉంటుంది."

అమ్మ చేతిలో ముద్ద ప్లేట్లో పెట్టేసింది. "ముట్టింది సారూ. మా నాయనకు ముట్టిన పైసలు కొత్తింటి గోడలకే సాలలే. పైకప్పుకు మా అమ్మ పుస్తెలతాడు అమ్మింది. కొలువిస్తమన్నరు. మా తమ్ముడు ఆ కాయితం పట్టుకుని తిరిగి తిరిగి ముసలోడైండు."

ఆ కాగితం సంగతి ఈ తట్టు ముంపు కుటుంబాలకు విడమరిచి చెప్పక్కర్లేదు. 1986లో వచ్చిన 98 జీవో. భూములు, ఇళ్లు పోయిన కుటుంబాలవాళ్లకు ప్రభుత్వ ఉద్యోగం ఇస్తామని చెప్పిన జీవో. కొందరికి వచ్చాయి. మా మేనమామ లాంటివాళ్లు ఆ జిరాక్సులు సంచిలో పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతుండగానే వయసు దాటిపోయింది. ఇదంతా ఆయనకు చెప్పాను. గొంతు పెంచే చెప్పాను. హైదరాబాద్‌లో మీ ఇంట్లో వెలిగే బల్బుకూ ఈ డ్యామ్‌కూ సంబంధం ఉందనీ, పరిహారం లెక్క అడిగేముందు పోయిందేమిటో అడగాలనీ చెప్పాను. పక్క బల్లలవాళ్లు తిరిగి చూశారు. "నేనేం తప్పన్నాను?" అని ఆయన చేయి కడుక్కోవడానికి లేచిపోయారు. అమ్మ ఇంకా పెరుగన్నం కలపనే లేదు.

వాళ్లు వెళ్లాక కుర్రాడు పెరుగు గిన్నెతో వచ్చి, ఇంకాస్త వేయనా అని అడిగి, ఆగి, "రొట్టె ఉంటే ఒకటియ్యి అమ్మా" అన్నాడు. వంటగది తలుపుకు ఆనుకుని, ఎల్లిగడ్డ కారం వేళ్లతో అద్దుకుంటూ రెండు తిన్నాడు.

తర్వాతి ప్రయాణమంతా పైనే కూర్చున్నాం. ఎడమవైపు అమ్రాబాద్ పులుల అభయారణ్యం, కుడివైపు అవతలి నల్లమల. కొండలు దగ్గరికొచ్చి నది ఇరుకైన చోట ఎండ కూడా చల్లబడింది. అక్కమహాదేవి గుహల దగ్గర, పన్నెండో శతాబ్దంలో ఒక ఆడమనిషి ఒంటరిగా ఇక్కడిదాకా వచ్చి తపస్సు చేసిందని గైడు చెప్తే, అమ్మ రెండు చేతులూ జోడించింది. పాతాళగంగ దగ్గర రోప్‌వే క్యూలో మళ్లీ ఆ దంపతులే మా ముందు, కౌంటర్లో అతనితో గొడవపడుతూ. ఆరోజు శ్రీశైలంలోనే ఉండిపోయాం, ఎందుకంటే రాత్రి తొమ్మిది దాటితే అడవిదారి గేట్లు వేసేస్తారు.

వెళ్లాలనుకునేవాళ్లు నీళ్లు నిండుగా ఉన్నప్పుడే వెళ్లండి, మట్టం తగ్గితే లాంచీ నడపరు. పెద్దవాళ్లు వెంట ఉంటే భోజనం ప్లేటు పైకి తెచ్చుకుంటామని ముందే గట్టిగా అడగండి. ఎవరితో కూర్చుంటారో ఎంచుకునే వీలు ప్రయాణికులకే ఇవ్వాలని దిగేటప్పుడు నేను చెప్పి వచ్చాను. ఎండాకాలంలో నీళ్లు తీసినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడుతుంది కదా, అప్పుడు పడవ మాట్లాడుకుని పోదామంటోంది అమ్మ. మేనమామను కూడా తీసుకెళ్లాలట.