గుమ్మంలోంచి చూసే ఫోర్డ్

నీళ్ల తగువు గురించి శ్రీకాకుళం వాళ్లకి వివరంగా చెప్పక్కర్లేదు. ఎగువన తూము మూసేస్తే దిగువ మళ్లు ఎండుతాయి, అంతే. అమెరికన్ దర్శకుడు జాన్ ఫోర్డ్ 1917లో తీసిన మూకీ వెస్టర్న్ (కౌబాయ్ సినిమా) ‘స్ట్రెయిట్ షూటింగ్’లోనూ ఇదే గొడవ. పశువుల ఆసామి ఒకడు సేద్యగాళ్లకి వాగునీళ్లు దక్కనివ్వడు, వాళ్లని వెళ్లగొట్టడానికి ఒక తుపాకీవాణ్ణి కిరాయికి పిలుస్తాడు. ఆ వేషం నటుడు హారీ కేరీది. నీళ్లకి వెళ్లిన కుర్రాణ్ణి వేరే తుపాకీవాడు చంపేస్తాడు. గోతి దగ్గర ఏడుస్తున్న ఆ ఇంటివాళ్లని చూసి కేరీ మనసు మారుతుంది. ఆ మార్పు దగ్గర తూటా పేలదు, ఉపన్యాసం ఉండదు. అప్పటికి ఫోర్డ్‌కి 23 ఏళ్లు, నిడివి గల సినిమా తీయడం అదే మొదలు.

ఇందులో పట్టి చూడాల్సింది గుమ్మం. కెమెరా ఇంటి లోపల కదలకుండా ఉంటుంది. చుట్టూ చీకటి, మధ్యలో ద్వారబంధం, అవతల ఎండలో మనుషులు. కెమెరా వాళ్ల వెంట పడదు, వాళ్లే వచ్చి పోతారు.

ఉద్దానం వైపు ఏ పెంకుటింట్లోనైనా ఇది ఫోన్‌తో తీసి చూడొచ్చు. మధ్యాహ్నం గుమ్మానికి పదడుగులు లోపల, ఫోన్‌ని ఛాతీ ఎత్తులో నిటారుగా పట్టుకోండి. వంచితే ద్వారబంధం కూడా వంకరపోతుంది. బయటి వాకిలి మీద వేలు నొక్కి ఉంచి ఎక్స్‌పోజర్ (ఫోన్ తీసుకునే వెలుతురు) లాక్ చెయ్యండి. లోపలి గోడ మీద నొక్కారో, వాకిలి సున్నం కొట్టినట్టు తెల్లబోతుంది. వెలుగునీ చీకటినీ సర్దే హెచ్‌డీఆర్ సెట్టింగ్ ఆపెయ్యండి, లేకపోతే ఫోన్ అతితెలివికి పోయి నల్లటి గోడల్ని బూడిదరంగు చేస్తుంది. మనిషిని గడప దాటించి అరుగు మీద నిలబెట్టండి. గడప ఇవతలే ఉంటే మొహం కనపడదు, నీడే మిగులుతుంది. కావాలంటే అదీ వాడుకోవచ్చు.

ఫోర్డే 1956లో తీసిన ‘ది సెర్చర్స్’ ఆఖర్న నటుడు జాన్ వేన్ ఇలాంటి గుమ్మం అవతలే ఎడమ చేత్తో కుడి మోచెయ్యి పట్టుకుని నిలబడతాడు. ఆ భంగిమ హారీ కేరీది. కేరీ భార్య ఆలివ్ కూడా ఆ సినిమాలో నటించింది.

మూకీ చూసేముందు వేగం సరిచూసుకోండి. వెయ్యి అడుగుల 35 ఎంఎం రీల్లో 16,000 ఫ్రేములు (విడి బొమ్మలు). సెకనుకి 16 చొప్పున తిప్పితే సుమారు 16 నిమిషాల 40 సెకన్లు, 24 చొప్పున అయితే 11 నిమిషాలే. ఆ రోజుల్లో చేత్తో తిప్పే కెమెరాలు కాబట్టి అసలు వేగం ఇదీ అని ఒక్క అంకె చెప్పలేం, కంటితోనే తేల్చుకోవాలి. వీధిలో కేరీ, అవతలివాడు తుపాకులతో ఎదురెదురుగా నడిచొచ్చే చోట నడక గెంతుల్లా కనిపిస్తే ప్లేయర్లో 0.75 పెట్టండి. 24 ఫ్రేములు 18కి దిగుతాయి.