కేబుల్ తీసేసి స్ట్రీమింగ్‌కి మారడం: రాత్రి తొమ్మిదింటికి తిరిగే ఆ సున్నాతో నా అనుభవం

విజయనగరంలో ఇప్పుడు ఏ వీధిలో చూసినా కరెంటు స్తంభాలకి రెండు మూడు కంపెనీల ఫైబర్ డబ్బాలు వేలాడుతున్నాయి. కేబుల్ తీసేసి అన్నీ ఇంటర్నెట్ మీదే చూడటం ఏమంత కష్టం కాదు, ఒక్క చోట తప్ప. ఆ ఒక్క చోటు గురించే ఇక్కడ ఎక్కువ రాస్తున్నాను. వ్యవహారం ఈ వారమే తేలింది, ఒళ్లుమంట ఇంకా చల్లారలేదు.

ముందు తేలికవి. కేబుల్ బిల్లులో పే చానళ్లు ఏమీ లేకపోయినా నెట్‌వర్క్ ఫీజు 130, దానిమీద 18 శాతం జీఎస్టీ, వెరసి 153 రూపాయల 40 పైసలు. ఇది 2019లో అమల్లోకి వచ్చిన, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్క. 2024లో ఆ 130 పరిమితి కూడా ఎత్తేశారు. పే చానళ్ల ధర దీనికి అదనం. ఇంటర్నెట్ ఎలాగూ ఉన్న ఇంట్లో రెండూ కట్టడం దండగ.

ఇంట్లో ఎవరు ఏం చూస్తారో ఒక కాగితం మీద రాసుకుంటే సగం పని అయిపోతుంది. స్టార్ మా సీరియళ్లు జియోహాట్‌స్టార్‌లో ఉంటాయి, జీ తెలుగువి జీ5లో, జెమినివి సన్ నెక్స్ట్‌లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో. తెలుగు న్యూస్ చానళ్లు దాదాపు అన్నీ యూట్యూబ్‌లో ఉచితంగా లైవ్ వస్తాయి, ఎస్వీబీసీ కూడా. కాబట్టి అన్నిటికీ ఒకేసారి డబ్బు కట్టక్కర్లేదు. మా ఇంట్లో అమ్మ సీరియళ్లకి ఒకటి, మిగతావి నెలకొకటి మార్చి మార్చి. కొనేముందు ప్లాన్ పేరు చూడండి. నెట్‌ఫ్లిక్స్‌లో 149 రూపాయలది మొబైల్ ప్లాన్, అది టీవీలో ఆడదు. టీవీకి కనీసం 199 బేసిక్ కావాలి, అదీ ఒక్క స్క్రీను, 720పీ బొమ్మ. మిగతా యాప్‌ల్లోనూ అన్నిటికన్నా చవకది చాలావరకు ఫోనుకే పరిమితం.

ఫైబర్ కనెక్షన్ రావడం ఒక పూట పని. 399 అని బోర్డు మీద రాసిన ప్లానుకి జీఎస్టీ కలిపితే 471 అవుతుందని ముందే తెలుసుకోండి. స్తంభం నుంచి ఇంట్లోకి వచ్చే సన్నటి తీగని కిటికీ మూల దగ్గర మడత పెట్టి మేకు కొట్టనివ్వకండి. లోపలున్నది గాజు. మడత పడితే వెలుగు కారిపోతుంది, కొన్నాళ్లకి వర్షం పడ్డ రోజు రౌటర్ మీద ఎర్ర లైటు వెలుగుతుంది. మిగిలిన తీగని పళ్లెమంత చుట్టగా చుట్టి గోడకి తగిలించమనండి.

ఇక అసలు గొడవ.

పగలంతా అన్నీ బ్రహ్మాండంగా ఆడేవి. రాత్రి ఎనిమిదిన్నర దాటేసరికి బొమ్మ ముందు మసకబారేది, తర్వాత ఆగిపోయి మధ్యలో సున్నా తిరిగేది. "ఒరే, నా సీరియల్ ఏటైపోనాదిరా? కేబుల్లో ఎప్పుడైనా ఇలా ఆగిందేటి?" అని అమ్మ. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ప్రతిసారీ ఒకటే పాట: "రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చెయ్యండి సార్." చేసినా చెయ్యకపోయినా పదిన్నరకి దానంతటదే బాగైపోయేది. తెల్లారేసరికి ఫోనుకి మెసేజ్ వచ్చేది, కంప్లైంట్ పరిష్కరించబడింది అని.

చివరికి టెక్నీషియన్ వచ్చాడు, మధ్యాహ్నం మూడింటికి. తన ఫోన్లో స్పీడ్‌టెస్ట్ పెట్టి, హాల్లో కూర్చున్న చుట్టాలందరికీ తిప్పి తిప్పి చూపించాడు. "మాస్టారూ, వంద ప్లానుకి తొంభై ఎనిమిది వస్తంది. ఇంకేటి కావాలండి? లైను సూపరు. మీ టీవీయే పాతదైపోనాది, మార్చీండి." మా మేనత్త వెంటనే అందుకుంది, "ఆడు సెప్తన్నాడు కదా, ఒక టీవీ కొనుక్కోరాదా!" అని. వాడు వెళ్తూ కంప్లైంట్‌లో రాసిన ముక్క: కస్టమర్ ఇంటి సమస్య.

టీవీ నిర్దోషి అని రుజువు చెయ్యడానికి పైసా ఖర్చు లేదు. సున్నా తిరుగుతున్నప్పుడే, యాప్‌లు ఆడించడానికి టీవీకి గుచ్చిన స్టిక్‌ని ఇంటి వైఫై నుంచి తీసి ఫోన్ హాట్‌స్పాట్‌కి కలపండి. అదే టీవీ, అదే స్టిక్, అదే యాప్, అదే ఎపిసోడ్. ఆగకుండా ఆడితే దోషం టీవీది కాదు, ఇంటి నెట్‌ది. మా ఇంట్లో ఆడింది. హెచ్‌డీ బొమ్మకి 5 ఎంబీపీఎస్ వేగం, 4కెకి 15 ఉంటే చాలని నెట్‌ఫ్లిక్సే చెప్తుంది, వంద అక్కర్లేదు.

తర్వాత వాళ్లు వేసే నింద వైఫై మీద. అది కొన్ని ఇళ్లలో నిజమే. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒకదానిమీద ఒకటి పడని చానళ్లు మూడే: 1, 6, 11. రాత్రిపూట చుట్టుపక్కల ఇళ్ల రౌటర్లన్నీ ఆ మూడింటి మీదే తోసుకుంటాయి. టీవీ ఉన్న గదికి అందితే 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. పాత ఇళ్ల తొమ్మిది అంగుళాల ఇటుక గోడ రెండు అడ్డమొస్తే అది అందదు. అప్పుడు రౌటర్ నుంచి టీవీ దాకా క్యాట్6 నెట్‌వర్క్ తీగ లాగించడమే మందు. వైఫైని తేల్చే పరీక్ష ఇది: వైఫై మీదున్న ల్యాప్‌టాప్ నుంచి రౌటర్ నంబరు 192.168.1.1కి పింగ్ కొట్టండి, అంటే పలకరింపు పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూడండి. చాలా రౌటర్లకి అదే నంబరు, లేకపోతే రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. జవాబు పది మిల్లీసెకండ్ల లోపు, మధ్యలో ఒక్కటీ తప్పిపోకుండా వస్తుంటే వైఫై బాగున్నట్టే. నేను ల్యాప్‌టాప్‌ని తీగతోనే రౌటర్‌కి కలిపి చూశాను. రాత్రి తొమ్మిదికి సున్నా తీగ మీద కూడా తిరిగింది.

మూడోది ఫైబర్‌లో వెలుగు. అదే 192.168.1.1ని బ్రౌజర్‌లో తెరిచి లోపలికి వెళ్తే ఆర్‌ఎక్స్ పవర్ అని, ఇంటికి అందే వెలుగు బలం చెప్పే మైనస్ అంకె ఒకటి కనబడుతుంది. మైనస్ 15 నుంచి మైనస్ 24 డీబీఎం మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దగ్గరికి వచ్చిందంటే రౌటర్ చూపు ఆనే హద్దు అది, ఎక్కడో తీగ మడత పడిందో, జాయింటు సరిగ్గా పడలేదో. మాది మైనస్ 21. అదీ బాగుంది.

మరి తప్పెక్కడ? ఇక్కడే స్పీడ్‌టెస్ట్ మోసం అర్థం చేసుకోవాలి. ఆ యాప్ తనంతట తానే దగ్గరి సర్వరుని ఎంచుకుంటుంది. చాలాసార్లు ఆ సర్వరు మీ ఇంటర్నెట్ కంపెనీ లోపలే ఉంటుంది. మా ఊళ్లో కోట జంక్షన్ దగ్గర రోడ్డు ఖాళీగా ఉందని చూపించి విశాఖ దాకా ఖాళీయే అన్నట్టు ఉంటుంది ఆ లెక్క. మన సీరియల్ వచ్చేది కంపెనీ బయటి నుంచి. ఒకే ఫైబర్‌ని చాలా ఇళ్లకి పంచే పద్ధతిని జీపాన్ అంటారు. వీధికి వచ్చే ఒక్కో జీపాన్ పోర్టుకి సుమారు రెండున్నర గిగాబిట్లు ఉంటాయి, దాన్ని 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. అక్కడిదాకా ఇరుకు అరుదు. అక్కణ్ణుంచి పైకి కంపెనీ బ్యాండ్‌విడ్త్ కొనాలి. కస్టమర్లని చేర్చుకున్నంత జోరుగా అది కొనరు. అందరూ టీవీల ముందు కూర్చునే వేళకి ఆ పై లైను నిండిపోతుంది, పదిన్నరకి జనం పడుకోగానే ఖాళీ అవుతుంది. టెక్నీషియన్ మధ్యాహ్నం మూడింటికే ఎందుకొస్తాడో ఇప్పుడు తెలిసిందా?

"యూట్యూబ్ బాగానే వస్తంది కదండి" అన్నది వాళ్ల రెండో వాదన. వస్తుంది మరి. గూగుల్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి తగినంత వాడకం ఉన్న ఇంటర్నెట్ కంపెనీలకి తమ నిల్వ సర్వర్లని ఇస్తాయి. జనం ఎక్కువగా చూసే వీడియోలు అందులోంచే, కంపెనీ గడప దాటకుండా వచ్చేస్తాయి. ఆ ఏర్పాటు లేని యాప్‌లు మాత్రం పై లైను మీదే రావాలి. ఒక యాప్ ఆడి ఇంకోటి ఆగుతోందంటే అనుమానించాల్సింది టీవీని కాదు, ఈ తేడాని.

సాక్ష్యం ఇలా కూడగట్టండి. రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నర మధ్య స్పీడ్‌టెస్ట్‌లో సర్వరు మార్చి చెన్నైదో ముంబైదో, వేరే కంపెనీది పెట్టి కొట్టండి. దానితోపాటు ఫాస్ట్ డాట్ కామ్ తెరవండి. అది నెట్‌ఫ్లిక్స్ వాళ్ల సైటు, కొలిచేది నెట్‌ఫ్లిక్స్ సర్వర్ల నుంచే. ఆ సర్వర్లు మీ కంపెనీ లోపలే ఉంటే మాత్రం ఇదీ బాగానే చూపించొచ్చు. యూట్యూబ్‌లో స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరిస్తే బఫర్ హెల్త్ అని ఎన్ని సెకండ్ల వీడియో ముందుగా చేతిలో ఉందో కూడా చూపిస్తుంది. అన్నిటికీ టైం కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి, కంప్లైంట్ నంబరు వేసి, ఈమెయిల్ పెట్టండి. ఫోన్ మాట గాలికి పోతుంది. మా ఇంట్లో అదే నిమిషానికి కంపెనీ సర్వరు 97 చూపిస్తుంటే చెన్నై సర్వరు 3 చూపించింది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి పంపాక ఇక టీవీ పాతదన్న మాట ఎవరూ ఎత్తలేదు. "అప్‌గ్రేడ్ జరుగుతోంది సార్, కొంచెం ఓపిక పట్టండి" అన్నారు.

డీఎన్ఎస్ (సైటు పేరు చెప్తే దాని నంబరు వెతికిపెట్టే సర్వరు) మార్చండి, 1.1.1.1 పెట్టండి అని సలహా చెప్పేవాళ్లు ప్రతి వీధిలో ఒకరుంటారు. పేజీలు తెరుచుకోనప్పుడు దానివల్ల ఉపయోగం ఉంది. వీడియోకి మాత్రం ఒక్కోసారి ఎదురు తంతుంది. కొన్ని సర్వీసులు మనం వాడే డీఎన్ఎస్‌ని బట్టి దగ్గరి సర్వరు ఏదో లెక్క వేసుకుంటాయి, అది కాస్తా దూరపుదాన్ని అంటగడుతుంది.

మరమ్మతు మన చేతిలో లేదు, కంపెనీ మార్చడం మన చేతిలో ఉంది. ఆరు నెలలది ఒకేసారి కడితే ఒక నెల ఉచితం, ఇన్‌స్టలేషన్ ఉచితం అని ఊరిస్తారు. నేను ఆ ఎర ముట్టలేదు, మొదటినుంచీ నెలనెలా కట్టాను కాబట్టే ఆ నెలాఖరుకి దండం పెట్టి బయటపడ్డాను. మా వీధిలో ఆరు నెలలది కట్టినవాళ్లు ఇంకా ఆ సున్నానే చూస్తున్నారు. కొత్త కనెక్షన్ తీసుకునేముందు ఆఫీసులో అడక్కండి. అదే కంపెనీది వాడుతున్న ఇల్లు మీ వీధిలో చూసుకుని, ఆదివారం రాత్రి తొమ్మిదికి, వీలైతే క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజు, వాళ్ల వైఫై మీద చెన్నై సర్వరు పరీక్ష చెయ్యండి. టీ కూడా ఇస్తారు.

స్టిక్ సంగతులు కొన్ని. మామూలు ఎల్ఈడీ టీవీకి హెచ్‌డీఎంఐ ఉంటే చాలు. పేరున్న ఫైర్ టీవీనో గూగుల్ టీవీదో కొనండి. 4కె అని రాసి చవగ్గా అమ్మే ఊరూపేరూ లేని ఆండ్రాయిడ్ బాక్సులకి వైడ్‌వైన్ ఎల్1 అనుమతి, అంటే వీడియోని కాపీ కొట్టకుండా కాసే తాళంలో పై మెట్టు, ఉండదు. అది లేకపోతే పెద్ద యాప్‌లు హెచ్‌డీ ఇవ్వవు, 480పీతో సరిపెడతాయి. డీఆర్‌ఎం ఇన్ఫో అనే యాప్ వేస్తే ఎల్1నో కింది మెట్టు ఎల్3నో చెప్పేస్తుంది. స్టిక్‌ని టీవీ వెనకాల యూఎస్‌బీకి గుచ్చి కరెంటు ఇవ్వకండి. చాలా టీవీల్లో అక్కడ వచ్చేది అర ఆంపియర్, స్టిక్‌కి కావాల్సింది ఒకటి. సినిమా మధ్యలో ఆరిపోయి మళ్లీ మొదలవుతుంటే కారణం అదే.

పెద్దవాళ్లకి అసలు చిక్కు రిమోట్లు. ఏదో మీట నొక్కి సోర్స్ మారిపోయి "నో సిగ్నల్" పడితే ఇక ఫోన్లు మొదలు. టీవీలో సీఈసీ ఆన్ చెయ్యండి, హెచ్‌డీఎంఐ గుండా టీవీ, స్టిక్ ఒకదాని మాట ఒకటి వినే ఏర్పాటు అది. శామ్‌సంగ్‌లో దాన్ని ఎనీనెట్ ప్లస్ అంటారు, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. అప్పుడు స్టిక్ రిమోట్ నొక్కితే టీవీ దానంతటదే ఆన్ అయ్యి సరైన సోర్స్‌కి వస్తుంది. టీవీ రిమోట్‌ని బీరువాలో పెట్టేయండి. అమ్మకైతే మైకు బటన్ నొక్కి సీరియల్ పేరు తెలుగులో చెప్పడం ఒక్కటే నేర్పాం.

డబ్బు కోత గురించి. ఒక రూపాయికో ఐదు రూపాయలకో ట్రయల్ అన్న ప్రతిచోటా వెనకాల ఆటోపే ఉంటుంది. ఆర్‌బీఐ నిబంధన ప్రకారం డబ్బు కోసే ముందు కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి, వస్తుంది కూడా, వంద మెసేజ్‌ల మధ్య. యాప్ తీసేసినంత మాత్రాన ఆటోపే పోదు. యూపీఐ యాప్‌లోకి వెళ్లి ఆటోపే విభాగంలో రద్దు చెయ్యండి. రద్దు చేసినా కట్టిన గడువు దాకా సాధారణంగా చూడొచ్చు, కాబట్టి తీసుకున్న రోజే రద్దు చేసేస్తే గొడవ ఉండదు.

కరెంటు పోయినప్పుడు రౌటర్ ఆరిపోకుండా 12 వోల్టుల మినీ యూపీఎస్ దొరుకుతుంది. రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని ఆంపియర్లో చూసి అంతకు తగ్గనిది కొనండి. జీపాన్‌లో స్తంభం మీది పంపకం డబ్బాకి కరెంటు అక్కర్లేదు, కంపెనీ గదిలో బ్యాటరీ ఉంటే నెట్ వస్తూనే ఉంటుంది. కొందరు లోకల్ ఆపరేటర్లు స్తంభాల మీద స్విచ్చులు పెడతారు, అవి వీధి కరెంటుతోపాటే చస్తాయి. ఏది పెట్టారో అడగండి. 2018లో తిత్లీ తుపానుకి శ్రీకాకుళం వైపు స్తంభాలే నేలకూలాయి, అలాంటప్పుడు ఏ ఫైబరూ ఆదుకోదు. విశాఖ ఆకాశవాణి కోసం ఒక బ్యాటరీ రేడియో, నెలవారీ చందా లేని డీడీ ఫ్రీ డిష్ ఉంచుకోవడం మంచిది. మా ఊరి పైడితల్లమ్మ జాతరలో సిరిమాను రోజు లోకల్ కేబుల్ చానల్ పెట్టుకునే అలవాటున్న ఇళ్లకి యూట్యూబ్ లైవ్‌తో సర్దుకోక తప్పదు.

చివర్లో కేబుల్ మూయించడం. కొత్త నెట్ మీద ఒక నెల రాత్రిళ్లు నిలకడగా గడిచాకే ఈ పని పెట్టుకోండి. నోటి మాటగా "తీసీండి" అంటే ఆపరేటర్ సరేనంటాడు, వచ్చే నెల మళ్లీ బిల్లు పుస్తకంతో గుమ్మంలో ఉంటాడు. మా దగ్గర రెండు నెలల బాకీ అని కొత్త లెక్కొకటి తీశాడు కూడా, పాత రసీదులు చూపించాక నవ్వి ఊరుకున్నాడు. బాక్సు, రిమోట్, అడాప్టర్ మూడూ ఒక సంచిలో వేసి, బాక్సు అడుగున ఉన్న సీరియల్ నంబర్ ఫోటో తీసి, ఆఫీసుకే పట్టుకెళ్లండి. బాక్సు అద్దెదా, డబ్బిచ్చి కొన్నదా అన్నది మొదటి రసీదు మీద ఉంటుంది. కొన్నదైతే తిరిగివ్వాల్సిన పని లేదు. అద్దెదైతే కట్టిన డిపాజిట్ అడగండి, బాక్సు అందినట్టు తేదీ వేసి సంతకం చేసిన కాగితం కూడా తీసుకోండి. మావాడు రసీదు పుస్తకం అయిపోయిందన్నాడు. పక్క కిళ్లీ కొట్టు నుంచి తెల్ల కాగితం తెచ్చి రాయించుకున్నాను.