‘కంప్లీటెడ్’ వేరు, ‘పాస్డ్’ వేరు: ఆన్‌లైన్ కోర్సుల మాటలతో నా అనుభవం

కొత్త ఆన్‌లైన్ కోర్సులో చేరగానే నేను వీడియోల జోలికి పోను. ముందు సిలబస్, గ్రేడింగ్ పేజీలు చదువుతాను. పాఠం అర్థం కాకపోతే మళ్లీ వినొచ్చు. ఆ పేజీల్లో ఒక్క మాటను పొరబాటుగా తీసుకుంటే మాత్రం వారాల కష్టం నీళ్లపాలవుతుంది.

మొదట ‘ఆడిట్’ సంగతి. ఆ పద్ధతిలో చేరితే పాఠాలు వినొచ్చు గానీ మామూలుగా సర్టిఫికెట్ రాదు. చాలా కోర్సుల్లో మార్కులుండే క్విజ్‌లు కూడా తెరుచుకోవు. ‘సింక్రనస్’ అంటే అందరూ ఒకే వేళకు హాజరయ్యే లైవ్ క్లాసు, ‘ఎసింక్రనస్’ అంటే ఎవరి వీలును బట్టి వాళ్లు చూసుకునేది. ‘సెల్ఫ్ పేస్డ్’ అన్నారని గడువే లేదనుకోవద్దు. వారం వారం గడువులు లేకపోయినా కోర్సు మూసేసే తేదీ ఒకటి ఉండొచ్చు. గడువు 23:59 యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అని ఉంటే దాన్ని వెంటనే మన గడియారానికి మార్చి రాసుకోవాలి. యూటీసీకి 3 గంటలు ముందున్నవాళ్లకు అది మర్నాడు తెల్లవారుజామున 2:59, 5 గంటలు వెనకున్నవాళ్లకు ఆ సాయంత్రమే 6:59.

‘వెయిటేజీ’ దగ్గర కాగితం తీసి లెక్క వేస్తాను. క్విజ్‌లకు 30 శాతం, అసైన్‌మెంట్లకు 40, చివరి పరీక్షకు 30, పాస్ మార్కు 60 అనుకుందాం. క్విజ్‌లలో 90, అసైన్‌మెంట్లలో 80 తెచ్చుకుని పరీక్ష వదిలేస్తే 27, 32 కలిసి 59. ఒక్క మార్కుతో పోయినట్టే.

‘అటెంప్ట్స్’ ఎన్ని అన్నదానికంటే ఏది లెక్కలోకి వస్తుందన్నది ముఖ్యం. కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్ అయిన మూడుల్ క్విజ్‌లో దీనికి నాలుగు పద్ధతులున్నాయి: అత్యధికం, సగటు, మొదటిది, చివరిది. చివరిదే లెక్క అయిన చోట 80 వచ్చాక మళ్లీ రాసి 60 తెచ్చుకుంటే మిగిలేది 60. ‘పీర్ రివ్యూ’లో తోటివాళ్ల పని దిద్దడం కూడా మన పనే. అది చేయకపోతే మన మార్కులు ఆపేసే కోర్సులున్నాయి.

అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టేది ‘స్కార్మ్’. పాఠం ఎక్కడిదాకా వచ్చింది, మార్కులెన్ని అన్నది ఎల్‌ఎంఎస్‌కు, అంటే మూడుల్ లాంటి సాఫ్ట్‌వేర్‌కు, చేరవేసే సాంకేతిక ప్రమాణం ఇది. పాఠం తరచూ వేరే కిటికీలో తెరుచుకుంటుంది కాబట్టి ముందు ఆ సైటుకు పాపప్ అనుమతి ఇవ్వాలి. అయిపోయాక ట్యాబ్ మూసేయకుండా పాఠంలోనే ఉన్న ‘ఎగ్జిట్’ నొక్కాలి, లేదంటే చివరి సమాచారం ఎల్‌ఎంఎస్‌కు చేరకుండానే పోవచ్చు. పాత 1.2 వెర్షన్‌లో, మనం ఆగిన చోటు వగైరా గుర్తుంచుకోవడానికి ప్రమాణం ఇచ్చే జాగా 4096 అక్షరాలే. పొడుగు పాఠాల్లో అది నిండిపోతే తర్వాతి ప్రగతి సేవ్ కాకపోవచ్చు. అందుకే అలాంటి పాఠాన్ని ఒకే విడతలో పూర్తి చేస్తాను.

స్కార్మ్‌లో ‘కంప్లీటెడ్’ అంటే పాఠం ముగిసిందని, ‘పాస్డ్’ అంటే కావలసిన మార్కులు వచ్చాయని. సర్టిఫికెట్‌కు రెండోది అడిగే కోర్సులో మొదటిది చూసి సంతోషపడితే లాభం లేదు. ఎగ్జిట్ అయ్యాక పేజీని రిఫ్రెష్ చేసి, గ్రేడ్‌బుక్‌లో ఏం పడిందో చూసుకుని, ఆ స్క్రీన్‌షాట్ దాచుకున్నాకే లాగౌట్ అవుతాను.