చివరి రెండు ఎపిసోడ్లకి మూడు వారాలు

'హౌ ఐ మెట్ యువర్ మదర్' మొత్తానికి పూర్తి చేశాను. (చూడనివాళ్లు, చూద్దామనుకుంటున్నవాళ్లు ఇక్కడే ఆగిపోండి. ముగింపు దాచకుండా చెప్పేస్తున్నాను.)

9 సీజన్లు, 208 ఎపిసోడ్లు. ఒక్కోటి 22 నిమిషాలు వేసుకున్నా 76 గంటల పైమాటే. అమెరికాలో సీబీఎస్ ఛానెల్లో 2005 నుంచి 2014 దాకా వచ్చినదాన్ని నేను ఏడు నెలల్లో లాగించాను. రాత్రి పనులన్నీ అయ్యాక ఒకటి, నిద్ర రాకపోతే రెండు. మా తమ్ముడు ఎప్పుడో చూసేశాడు. నేను మొదలుపెట్టానని తెలియగానే ఒకే మాట అన్నాడు: "ఎనిమిదో సీజన్ చివర్లో ఆపెయ్ అక్కా. ఆ తర్వాతది నీకొద్దు."

కథ తెలిసిందే. 2030లో టెడ్ అనే తండ్రి కూతుర్నీ కొడుకునీ సోఫాలో కూర్చోబెట్టి, మీ అమ్మ నాకెలా పరిచయమైందో చెప్తానంటాడు. మొదలుపెట్టేది మాత్రం 2005 న్యూయార్క్ నుంచి. మొదటి ఎపిసోడంతా రాబిన్ అనే అమ్మాయి వెంట పడటం, ఆమె కోసం రెస్టారెంట్లో అలంకారానికి పెట్టిన నీలం రంగు ఫ్రెంచ్ హార్న్ ఎత్తుకొచ్చేయడం. సరే, అమ్మ ఈవిడే అని మనం ఖాయం చేసుకున్నాక, "అలా కలిశాను మీ రాబిన్ ఆంటీని" అంటాడు. నేను అక్కడే పడిపోయాను.

మధ్యలో ఒకసారి మానేద్దామనిపించింది. ఐదో సీజన్ ప్రాంతంలో టెడ్ స్నేహితుడు బార్నీ ఆడవాళ్ల మీద వేసే జోకులు విసుగు పుట్టించాయి, ఇప్పుడు చూస్తే అవి మరీ పాతబడ్డాయి. ఆరో సీజన్లో టెడ్ ఇంకో స్నేహితుడు మార్షల్ వాళ్ల నాన్న పోయిన ఎపిసోడ్ నన్ను నిలబెట్టింది. ఎపిసోడ్ పొడుగునా ఎక్కడెక్కడో 50 నుంచి ఒకటి దాకా అంకెలు దిగుతూ ఉంటాయి. సీసా మీదో, కాగితం మీదో. నేను సగం దాకా గమనించనే లేదు. గమనించాక అది ఏదో మంచి కబురుకి లెక్క అనుకున్నాను. ఆ రాత్రి రెండోది పెట్టలేదు.

తొమ్మిదో సీజన్ దగ్గర అసలు పేచీ. 24 ఎపిసోడ్లలో 22 ఒకే ఒక్క పెళ్లి చుట్టూ, అదీ మూడు రోజుల వ్యవధిలో: బార్నీ, రాబిన్‌ల పెళ్లి. మార్షల్ పాపం సగం సీజన్ దారిలోనే ఉంటాడు. ఇంత సాగదీతలోనూ నన్ను లాక్కెళ్లింది ట్రేసీ. అమ్మ. ఎనిమిది సీజన్లు పసుపు గొడుగుగా మాత్రమే తెలిసిన మనిషి, ఎనిమిదో సీజన్ ఆఖర్న, ఆ పెళ్లి జరిగే ఫార్‌హాంప్టన్‌కి రైలు టికెట్ కొంటూ మొదటిసారి ముఖం చూపిస్తుంది. క్రిస్టిన్ మిలియోటి ఆ పాత్రలోకి ఎంత తేలిగ్గా వచ్చి కూర్చుందంటే, మొదటి నుంచీ ఈ గుంపులోనే ఉందేమో అనిపిస్తుంది. 200వ ఎపిసోడ్ పూర్తిగా ఆమెదే. అదే ఎనిమిదేళ్లు ఆమె వైపు నుంచి ఎలా గడిచాయో చూపించారు. నాకు సిరీస్ మొత్తంలో అది ఇష్టం.

పెళ్లి అయిపోయింది. చివరి రెండు మిగిలాయి. మూడు వారాలు ముట్టుకోలేదు. తమ్ముడి మాట గుర్తొచ్చి కొంత, అయిపోతే రాత్రిళ్లు ఏం చేయాలో తెలియక ఇంకొంత.

చివరికి ఒక ఆదివారం కూర్చున్నాను. 22 ఎపిసోడ్లు చేసిన పెళ్లి కొన్ని నిమిషాల్లో విడాకులైపోయింది. గుంపు చెదిరిపోయింది. రైల్వే స్టేషన్లో వానలో ఆ గొడుగు నాదంటే నాదని టెడ్, ట్రేసీ వాదించుకుంటారు. దాని మీది టీ, ఎమ్ అక్షరాలు ఇద్దరి పేర్లకీ సరిపోతాయి మరి. నా ముఖం మీద నవ్వు ఇంకా ఉంది. అంతకు కొద్ది క్షణాల ముందే ఆమె ఆసుపత్రి మంచం మీద కనిపించిందన్న సంగతి బుర్రకి ఎక్కలేదు. ఆమె 2024లోనే పోయింది. పిల్లలేమో నవ్వుతూ, అసలు ఈ కథలో అమ్మ ఎక్కడుంది నాన్నా, నీకు రాబిన్ ఆంటీ అంటే ఇష్టం, అది చెప్పడానికేగా ఇదంతా అంటారు. టెడ్ నీలం హార్న్ పట్టుకుని రాబిన్ కిటికీ కింద నిలబడతాడు. అయిపోయింది.

తమ్ముడికి ఫోన్ చేసి తిట్టాను. వాణ్ని ఎందుకు తిట్టానో నాకూ తెలియదు.

తర్వాత తెలిసిన విషయం నా కోపానికి ఒక దారి చూపించింది. పిల్లలు మాట్లాడే ఆ చివరి సన్నివేశాన్ని రెండో సీజన్ రోజుల్లోనే తీసి దాచేశారట. పిల్లలు ఎదిగిపోతే 2030 సోఫా మీద అదే వయసులో కనిపించరు కదా. పని పరంగా తెలివైన పనే. కానీ ముగింపుకి అప్పుడే తాళం పడింది, కథ మాత్రం ఇంకో ఏడేళ్లు నడిచింది. ఈలోగా రాబిన్ వేరే మనిషైంది, బార్నీ మారాడు, ట్రేసీ పుట్టింది. ట్రేసీ ఎవరో తెలియని రోజుల్లో రాసిన మాటలకి, ట్రేసీ వచ్చాక కూడా చోటివ్వాల్సి వచ్చింది. ఆమె పోవడం మీద నాకు ఫిర్యాదు లేదు. పోయిన మనిషి గురించి ఏడవడానికి ఆ ఇంట్లో ఎవరికీ ఒక్క నిమిషం ఇవ్వకపోవడం మీద ఉంది.

డీవీడీలో వేరే ముగింపు ఉంది, అదీ చూశాను. అందులో ఆమె బతికే ఉంటుంది, స్టేషన్ దగ్గరే కథ ఆగుతుంది. ఎంతో కోరుకున్నది దొరికిందన్న సంతోషం పది నిమిషాలు కూడా నిలవలేదు. ఏదో తక్కువైంది.

ఆ తక్కువైనది ఎనిమిదో సీజన్లో దొరికింది. టెడ్ తన ఊహలో ట్రేసీ ఇంటికి వెళ్లి తలుపు తట్టే సీన్ ఉంది. మనం సరిగ్గా 45 రోజుల తర్వాత కలుస్తాం, కానీ ఆ 45 రోజులు కూడా నాకు కావాలి అంటాడు. మొదటిసారి చూసినప్పుడు వీడికి తొందర ఎక్కువ అనుకున్నాను. ఇప్పుడు చూస్తే, ఆ మాటలు చెప్తున్నది భార్య పోయి ఆరేళ్లైన మనిషి. లెక్కపెట్టుకుంటున్నాడు.

నిన్న రాత్రి మళ్లీ మొదటి ఎపిసోడ్ పెట్టాను. కథ చెప్తాననగానే, మేమేం తప్పు చేశామని ఈ శిక్ష అన్నట్టు అడుగుతారు పిల్లలు. చాలాసేపు పడుతుందా అని కూడా అంటారు. అవునంటాడు తండ్రి. మొదటిసారి నేను పిల్లల విసుగు చూసి నవ్వాను. ఈసారి వాళ్ల వెనకున్న ఇల్లు చూశాను. అమ్మని ఎలా కలిశానో చెప్తానంటే, ఏ పిల్లలైనా ముందు లోపలి గది వైపు చూసి అమ్మని కూడా పిలుస్తారు. వీళ్లు పిలవలేదు.