కంచె అవతల జింక

టెక్సస్‌లో వేట లైసెన్సు తీసుకుని నాలుగేళ్లయింది. పోయిన నవంబరులో లానో దగ్గర జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ మనసు బాగోదు.

ఆడజింక, వంద గజాల దూరంలో ఉంది. నేను ట్రిగ్గర్ నొక్కేసరికి ఒక అడుగు ముందుకేసింది. వీపు వంచి, మెల్లగా పొదల్లోకి నడిచింది. ఊపిరితిత్తుల్లో తగిలితే దౌడు తీసేది. మంచె దిగి చూస్తే గడ్డి మీద నల్లటి నెత్తురు, పచ్చటి పసరు, పేడ వాసన. పొట్టలో తగిలింది.

నాకు వేట నేర్పిన పెద్దాయనకి ఫోన్ చేస్తే, "వెంటపడకు" అన్నాడు. తరిమితే ఎంత దూరమైనా పోతుందట, వదిలేస్తే దగ్గర్లోనే పడుకుంటుందట. ఆరేడు గంటలు ఆగాలి. కానీ ఆ సాయంత్రం ఉక్కగా ఉంది, మాంసం అంతసేపు ఆగదు. పైగా కయోటీలు (అక్కడి నక్కలనుకోండి) అప్పుడే కూతలు మొదలెట్టాయి.

జాడ ఎటు పోయిందో మాత్రం చూద్దామని వెళ్తే ముళ్లకంచె అడ్డొచ్చింది. తీగకి వెంట్రుకలు, పక్క గుంజ మీద ఊదారంగు గీత. ఇక్కడ ఆ గీత 'లోపలికి రావద్దు' బోర్డుతో సమానం. గాయపరిచిన జంతువు కోసం తగినంతగా వెతక్కపోతే నేరం. భూమి యజమాని ఒప్పుకోకుండా దాని వెనక కంచె దాటినా నేరమే. తుపాకులున్న ఊళ్లో రెండో రూలు ఎందుకుందో నాకు తెలుసు. అయినా చీకట్లో టార్చి పట్టుకుని, ఎవరు చూస్తారులే అని ఒక కాలు తీగ మీద పెట్టాను. తీసేశాను. ధర్మం గుర్తొచ్చి కాదు, భయమేసి.

యజమాని ఫోన్ ఎత్తలేదు, మెసేజ్ పెట్టాను. గేమ్ వార్డెన్‌కి (వేట చట్టాలు చూసే అధికారి) చేస్తే, యజమాని ఒప్పుకోనిదే వెళ్లడానికి లేదన్నాడు. ఈలోపు ఊరి నుంచి అమ్మ ఫోన్. చెప్పకుండా ఉండాల్సింది.

"చంపితే చంపావు, సగం ప్రాణంతో వదిలేస్తావేంట్రా?"

పొద్దున ఏడింటికి యజమాని పలికాడు. రమ్మన్నాడు, తుపాకీ మాత్రం గేటు దగ్గరే పెట్టమన్నాడు. ఇంకా బతికుంటే ఏం చెయ్యాలో అడగడానికి నోరు రాలేదు. చాకు జేబులో పెట్టుకున్నాను.

ఆ అవసరం రాలేదు. కంచెకి నూటయాభై అడుగుల్లో, చెట్టు కింద పడుంది. వెనక తొడలు కయోటీలు తినేశాయి, పొట్ట ఉబ్బిపోయింది. లైసెన్సు నుంచి ట్యాగ్ (ఒక్కో జింకకి ఒక్కో చీటీ) చింపి, దాని మీద చంపిన నెల, తేదీ కోసి కాలికి కట్టాను. తిన్నా తినకపోయినా అది నా లెక్కలోదే. ట్యాగ్ దాచుకుని ఇంకోదాన్ని కొట్టేవాళ్లు లేకపోలేదు.

ఇంటికెళ్తే మా ఆవిడ డిక్కీ తెరిచింది.

"ఇదేంటండీ, బాక్సులో ఐస్ తప్ప ఏం లేదు?"